కెమేరా కంటికి ఆననిది

ఏదైనా పెద్ద కర్మాగారం గేటు దగ్గర నిలబడితే మీకు ఒక బోర్డు కనిపిస్తుంది: "మీరు కెమేరా నిఘాలో ఉన్నారు". ఒకప్పుడు దొంగల కోసం పెట్టిన ఈ కెమేరాలు ఇప్పుడు కార్మికుల భద్రత పేరుతో యంత్రాల మధ్యకూ వచ్చాయి. హెల్మెట్టు పెట్టుకోని మనిషిని కంప్యూటరే గుర్తుపట్టి హెచ్చరిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సైన్సు చదివేవారు ఏ పరికరాన్ని చూసినా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది దేన్ని పసిగడుతుంది? దేన్ని పసిగట్టలేదు?

ఈ ప్రశ్నతో మనం భిలాయి వెళదాం. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన అక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని కోసం వెళ్ళి ఆ ఊళ్ళోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుముతో పాటు ఒక వాయువు కూడా తయారవుతుంది. అందులో ఇంచుమించు అయిదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దీన్ని వృథా చేయరు. నీటితో కడిగి, దుమ్ము తీసి, ఇంధనంగా వాడుకుంటారు. 2014 జూన్ 12న భిలాయిలో ఒక పంపుహౌసు దగ్గర నీటి పీడనం పడిపోయింది. నీరు పోవలసిన గొట్టంలో వాయువు వెనక్కి తోసుకువచ్చింది. ఆరుగురు మరణించారు. వారిలో ఉన్నతాధికారులు కూడా ఉన్నారు.

ఆ పంపుహౌసు నిండా కెమేరాలే ఉన్నాయనుకోండి. అవి ఏం చూపేవి? కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. పీల్చిన మనిషి తూలి పడిపోయేదాకా తెరమీద అంతా మామూలుగానే ఉంటుంది. పడిపోయిన మనిషిని చూసి ముసుగు లేకుండా పరుగెత్తిన వాడు కూడా పడిపోతాడు. అక్కడ కావలసింది గాలిలోని వాయువును కొలిచి గంట మోగించే పరికరం. పీడనం తగ్గగానే దానంతటదే మూసుకునే కవాటం. పరారుణ కిరణాల సాయంతో కొన్ని వాయువులను చూడగల ప్రత్యేక కెమేరాలు ఉన్నమాట నిజమే. అయితే గోడకు తగిలించే మామూలు కెమేరా ఆ పని చేయలేదు.

2018 అక్టోబరు 9న అదే కర్మాగారంలో, కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టం మీద మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. పదిమందికి పైగా చనిపోయారు. మృతుల్లో అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. కోక్ ఓవెన్ గ్యాసులో సగం దాకా హైడ్రోజన్, ఆ తర్వాత మీథేన్ ఉంటాయి. అంటుకుంటే తప్పుకునే వ్యవధి ఉండదు. అలాంటి చోట ప్రాణం కాపాడేది పని మొదలయ్యే ముందు గొట్టాన్ని గ్యాసు నుంచి పూర్తిగా వేరుచేయడమే.

మరి కెమేరా మీద ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? 1931లో హెర్బర్ట్ హైన్‌రిచ్ అనే అమెరికన్ బీమా నిపుణుడు, ప్రమాదాల్లో 88 శాతానికి మనుషుల తప్పుడు చేష్టలే కారణమని రాశాడు. ఆయన చాలావరకు ఆధారపడింది యాజమాన్యాల పక్షాన రాసిన నివేదికల మీద. ఆ లెక్కను తర్వాతి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. అయినా "తప్పు కార్మికుడిదే, కాబట్టి కార్మికుణ్ణే చూడు" అనే ఆలోచన మిగిలిపోయింది.

చూసేవాడి సంగతీ ఆలోచించండి. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త గడియారం ముల్లు వంటి ఒక ముల్లును గంటలకొద్దీ మనుషుల చేత గమనింపజేశాడు. అది అరుదుగా ఒకేసారి రెండడుగులు దూకేది. అరగంట గడిచేసరికే వారు ఆ దూకుళ్ళను ఎక్కువగా పట్టుకోలేకపోయారు. ఇరవై తెరల ముందు కూర్చున్న కాపలాదారు కూడా మనిషే. కంప్యూటరుకు విసుగు లేదు కాని, దానికి నేర్పినదే అది చూస్తుంది. హెల్మెట్టును గుర్తించడం నేర్పడం తేలిక. తుప్పు పట్టిన కవాటాన్ని గుర్తించడం నేర్పడం కష్టం. తేలికైనదాన్ని లెక్కపెట్టి అదే భద్రత అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

అలాగని కెమేరా పనికిరానిది కాదు. మండే కొలిమి లోపలి స్థితిని దూరంగా ఉన్న గదిలో కూర్చుని చూడవచ్చు. ఉష్ణాన్ని చూసే కెమేరాతో ద్రవ ఉక్కును మోసే పాత్ర ఎక్కడ పలచబడి వేడెక్కిందో పసిగట్టవచ్చు. క్రేను నడిపేవానికి కనిపించని మూలను చూపించవచ్చు. ప్రమాదం తర్వాత నిజం తేల్చవచ్చు. ఈ ఉపయోగాల్లో మొదటి మూడింటిని గమనించండి. కెమేరా యంత్రాన్నో, పని జరిగే చోటునో చూస్తోంది, మనిషిని ప్రమాదానికి దూరంగా ఉంచుతోంది.

భద్రతా శాస్త్రంలో ఒక మెట్ల వరుస ఉంది. ప్రమాదాన్ని తొలగించడం మొదటిది. తక్కువ ప్రమాదం ఉన్నదానితో మార్చడం రెండోది. యంత్రపరమైన రక్షణ మూడోది. నియమాలు, పర్యవేక్షణ నాలుగోది. హెల్మెట్టు, ముసుగు చివరివి. మనుషుల మీది నిఘా నాలుగో మెట్టు. పై మూడు మెట్లు కట్టకుండా నాలుగో మెట్టు మీదే డబ్బు పోస్తే అది భద్రత కాదు, భద్రతకు వేసిన రంగు.

ఇంకొక మాట. భోపాల్ దుర్ఘటన జరిగింది 1984లో. ఆ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తక్షణ ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికులకు ఇచ్చారు. గొట్టం శబ్దం మారిందని ముందుగా తెలిసేది అక్కడ పనిచేసేవానికే. తన ప్రతి కదలికనూ తప్పు పట్టడానికే చూస్తున్నారనుకున్నవాడు నోరు విప్పుతాడా?

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు మేనేజర్లవుతారు. కెమేరాలు కొనమని కాగితం మీ బల్లమీదికి వస్తుంది. సంతకం పెట్టేముందు అడగండి: ఇక్కడ మనిషిని చంపగలిగేది ఏది? అది ఈ కెమేరాకు కనిపిస్తుందా?