కొలొనాకి మేడల్లో మామూలు పోలీసు

ఏథెన్స్ నడిబొడ్డున లికబెట్టస్ కొండ వాలులో కొలొనాకి అనే డబ్బున్నవాళ్ల పేట ఉంది. గ్రీకు డిటెక్టివ్ నవలకు పితామహుడని పేరున్న యానిస్ మారిస్ 1953లో తన తొలి శవాన్ని తీసుకెళ్లి అక్కడే పడేశాడు. 'కొలొనాకిలో నేరం' పత్రికలో సీరియల్‌గా వచ్చింది, తర్వాత సినిమా కూడా అయింది. దర్యాప్తుకు వచ్చే ఇన్‌స్పెక్టర్ బెకాస్ పొట్టి మనిషి, లావు, మీసాలవాడు, చూడగానే గుమాస్తా అనుకునే రకం. ఆ మేడల్లోని వాళ్లు అతన్ని లెక్కచేయరు. లెక్కచేయని మనిషి ముందు నోరు అదుపులో ఉండదు కదా, బెకాస్‌కు కావలసింది కూడా అదే.

మారిస్ స్వయంగా పాత్రికేయుడు, వామపక్షవాది. జర్మన్ల ఆక్రమణ, ఆ వెంటనే అంతర్యుద్ధం కళ్లారా చూసినవాడు. ఆ రోజుల్లో ఎవరు చితికిపోయారో, ఎవరు రాత్రికి రాత్రి కూడబెట్టారో ఏథెన్స్‌లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. అందుకే ఆయన నవలల్లో శవం దొరికాక అసలు ప్రశ్న ఆస్తి మీదికి మళ్లుతుంది: ఈ ఇంటికి ఇంత డబ్బు ఎప్పుడు వచ్చింది?

ఆ ప్రశ్నను పెట్రోస్ మార్కరిస్ మన కాలానికి తెచ్చాడు. 1937లో ఇస్తాంబుల్‌లో పుట్టాడు. తండ్రి ఆర్మీనియన్, తల్లి గ్రీకు. జర్మన్ నాటక రచయిత బ్రెక్ట్‌ను గ్రీకులోకి అనువదించాడు, గ్రీకు దర్శకుడు ఆంగెలోపులోస్ సినిమాలకు కలిసి స్క్రీన్‌ప్లేలు రాశాడు. 1995లో మొదలైన ఆయన నవలల్లో నాయకుడు కోస్తాస్ హరితోస్, ఏథెన్స్ హత్యల విభాగం అధికారి. గ్రీసులో సైనిక నియంతృత్వం నడిచిన రోజుల్లో ఇతను కుర్ర పోలీసు, బుబులినాస్ వీధి లాకప్పులో కాపలా. అక్కడ చిత్రహింసలు పడిన కమ్యూనిస్టు జిసిస్ ఇప్పుడు ముసలివాడై, ఊళ్లో పెద్దల చరిత్రలన్నీ ఫైళ్లుగా దాచుకుని కూర్చున్నాడు. కోటీశ్వరుల మీద కూపీ కావాలంటే హరితోస్ తన పాత ఖైదీ గుమ్మం ఎక్కాలి. నా దృష్టిలో మార్కరిస్ కల్పనలన్నిటిలో గొప్పది ఈ స్నేహమే.

కథంతా హరితోస్ నోటివెంటే, వర్తమాన కాలంలో సాగుతుంది. కాబట్టి అతనికి తెలియనిది మనకూ తెలియదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మనమూ ఇరుక్కోవాలి, వీధుల పేర్లతో సహా. ఇల్లు చేరితే భార్య ఆద్రియాని రుసరుసలు, కోపం చల్లారాక ఆమె చేసిపెట్టే కూరిన టమాటాలు. ఆ తర్వాత మంచమెక్కి నిఘంటువు తిరగేస్తాడు. కథ ఆగిపోయిందని విసుక్కునేవాళ్లుంటారు గాని, పొద్దున షోఫర్లున్న ఇంటికి వెళ్లివచ్చిన మనిషి సాయంత్రం కూతురి చదువు ఖర్చు లెక్కేసుకోవడం చూడకపోతే ఆ ఇంటి ఎత్తు మనకు ఎలా అందుతుంది? పైన గికాస్ అనే బాస్ ఉన్నాడు. పలుకుబడి ఉన్నవాళ్ల పేరు వినపడితే చాలు, ఆయన మెత్తబడిపోతాడు.

'చే ఆత్మహత్య చేసుకున్నాడు' నవలలో ఫావియెరోస్ అనే పెద్ద బిల్డర్ టీవీ లైవ్‌లో తుపాకీతో కాల్చుకుంటాడు. ఏథెన్స్ ఒలింపిక్స్ పనులతో సంపాదించిన ఈయనే ఒకప్పుడు నియంతలను ఎదిరించి దెబ్బలు తిన్న విద్యార్థి. అలాంటివాడు కోటీశ్వరుడెలా అయ్యాడు, ఎందుకు చచ్చాడు? సెలవులో ఉన్న హరితోస్‌కు అది అప్పగించిన కేసు కూడా కాదు.

గ్రీసు అప్పుల సంక్షోభం మీద మార్కరిస్ రాసిన మూడు నవలల్లో రెండోది, 2011 నాటిది, నాకు ఎక్కువ ఇష్టం. ఒక హంతకుడు పన్ను ఎగ్గొట్టిన ధనికులకు నోటీసు పంపుతాడు, ఇంత బాకీ, ఇన్ని రోజుల గడువు అని. కట్టనివాణ్ని సోక్రటీసు తాగిన విషంతోనే చంపుతాడు. మొదట పోయినవాడు పేరుమోసిన సర్జన్. శవం దొరికింది కెరామెయికోస్ పురాతన శ్మశానంలో. భయపడి మిగతావాళ్లు పన్ను కట్టడం మొదలుపెడతారు. ప్రభుత్వం చేయలేనిది హంతకుడు చేసి చూపించాడని జనం మురిసిపోతారు. అతన్ని పట్టుకోవలసిన హరితోస్ జీతానికి మాత్రం కోత. అతని కూతురు ఉద్యోగం కోసం దేశం వదిలిపోదామా అని ఆలోచిస్తోంది.

మార్కరిస్‌లో లోపం లేకపోలేదు. ఈ మూడు సంక్షోభ నవలల్లో కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడటం మానేసి సంపాదకీయాలు చదువుతాయి. హంతకుడి వాదన మరీ నున్నగా ఉంటుంది, చచ్చినవాడికి సమాధానం చెప్పుకునే వీలు రచయిత ఇవ్వడు. బెకాస్ కాలంలో మారిస్ ఆ వీలు ఇచ్చేవాడు. ఆయన ధనికులు అబద్ధాలు కూడా దర్జాగా, మనం కాసేపు నమ్మేంత బాగా ఆడతారు.