ఖాళీ సీసా, నిండు వెలుగు

కరెంటు రాని రోజుల్లో, వచ్చినా నిలకడగా ఉండని రోజుల్లో, మన పల్లెల్లో వంటింటి గూట్లో వెలిగిన దీపాలు చాలావరకు ఇంట్లో చేసుకున్నవే. అయిపోయిన టానిక్కు సీసానో, ఇంకు బుడ్డినో శుభ్రంగా కడిగి ఎండబెట్టేవాళ్లు. రేకు మూతకు మేకుతో బొక్క కొట్టి, అందులో సన్నటి రేకు గొట్టమో, పాత సైకిల్ ట్యూబు వాల్వో బిగించేవాళ్లు. పాత పంచె చింపి పేనిన ఒత్తిని ఆ గొట్టంలో దూర్చి, సీసాలో కిరసనాయిలు పోసి మూత పెడితే బుడ్డి దీపం తయారు. తెలంగాణలో గాసునూనె బుడ్డి అన్నా అదే. నాలుగు డబ్బులున్నవాళ్లు కందిలి కొనుక్కునేవాళ్లు. లేనివాళ్ల ఇళ్లలో పిల్లల చదువులూ పెద్దల భోజనాలూ ఈ బుడ్డి వెలుగులోనే సాగాయి.

ఇప్పుడు బాల్కనీల్లో, హోటళ్లలో, పెళ్లి మండపాల్లో రంగురంగుల సీసాల్లోంచి మెరిసే దీపాలను చూసి ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటాం. సరుకు కొత్తదే, పని మాత్రం పాతదే. బుడ్డి చేసిన చేతులకు ఒక సంగతి బాగా తెలుసు. దీపానికి కావలసినవి చాలావరకు సీసాలో ముందే ఉన్నాయి. మెడ ఒత్తినో తీగనో పట్టి ఉంచుతుంది, గాజు ఒళ్లు వెలుగును బయటికి వదులుతుంది, బరువైన అడుగు దాన్ని నిలబెడుతుంది. అందుకే సీసాను మనం ఎంత తక్కువ మారిస్తే దీపం అంత బాగా కుదురుతుంది. కింద చెప్పే పద్ధతులన్నిటినీ నేను ఈ కొలతతోనే చూస్తాను.

బుడ్డి నేర్పిన జాగ్రత్త

బుడ్డి వల్ల మేలెంతో గండమూ అంతే. సన్నగా పొడుగ్గా ఉన్న సీసా చెయ్యి తగిలితే ఒరుగుతుంది. వదులుగా ఉన్న మూత ఊడి కిరసనాయిలు ఒలుకుతుంది. ఆ వెంటనే మంట దాన్ని అందుకుంటుంది. శ్రీలంకలో ఇలాంటి సీసా దీపాల వల్ల ఒళ్లు కాలినవాళ్లను చూసిన సర్జన్ విజయ గొడకుంబుర, ఈ ప్రమాదాన్ని సీసా ఆకారం దగ్గరే ఆపాలనుకున్నారు. రొట్టెకు రాసుకునే మార్మైట్ పొట్టి, బరువు సీసా ఆయనకు దారి చూపింది. ఆ ఆలోచనలోంచి పుట్టిన ‘సుదీప’ దీపం మందపాటి గాజుతో పొట్టిగా ఉంటుంది. రెండు పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి పడినా దొర్లదు. మూత మరతో బిగుస్తుంది కాబట్టి నూనె ఒలకదు. ఈ కృషికి 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు లభించింది.

ఇవాళ అలంకారం కోసం ఎవరూ కిరసనాయిలు బుడ్డి చెయ్యనక్కర్లేదు, చెయ్యకూడదు కూడా. కానీ పొట్టితనం, బరువు అనే రెండు గుణాలు ఏ సీసా దీపానికైనా మంచివే. పిల్లలు, పిల్లులు తిరిగే ఇంట్లో పొడుగు సీసా కన్నా బొద్దు సీసా మేలు.

ఏ సీసా, ఎలా కడగాలి

ముందుగా ఏ సీసా తీసుకోకూడదో చూద్దాం. మళ్లీ నింపడానికి వెనక్కి వెళ్లే సీసా జోలికి పోవద్దు. బీరు సీసాలను పాత సామాన్లవాళ్లు కొంటారు, అవి కడిగించుకుని మళ్లీ నిండుతాయి. గోలీ సోడా సీసా కూడా అంతే. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన ఆ తరహా సీసాలో గ్యాసు ఒత్తిడే గోలీని పైకి నెట్టి మూతగా నిలబెడుతుంది. అంత తెలివైన వస్తువు తన పనిలో తాను ఉండటమే న్యాయం. ఎవరూ వెనక్కి తీసుకోని తేనె సీసాలు, సాస్ సీసాలు, ఆలివ్ నూనె సీసాలు, వింత ఆకారాల సెంటు సీసాలు మనకు చాలు.

లేబుల్ ఊడదీయడానికి చాకలి సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెడితే కాగితం దానంతటదే వదిలిపోతుంది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనెలో వంటసోడా కలిపి రుద్దాలి. లోపల పట్టిన మరకలకు గుప్పెడు బియ్యపు నూకలు, కాస్త సబ్బునీళ్లు పోసి గిలక్కొట్టండి. ఇసుక వాడితే గాజుకు గీతలు పడతాయి. కడిగిన తర్వాత మూతి కిందికి పెట్టి ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. లోపల ఒక్క నీటిబొట్టు మిగిలి బిరడా బిగించేస్తే, అది ఆవిరై సీసా భుజాల దగ్గర మబ్బులా పడుతుంది.

కొయ్యని దీపం

అన్నిటికన్నా తేలికైన, నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇది. బిరడా ఆకారంలో చిన్న బ్యాటరీ డబ్బా, దానికి వేలాడే సన్నటి రాగితీగ, తీగ పొడవునా మిణుగురుల్లా ఎల్‌ఈడీలు ఉండే దండలు ఇప్పుడు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతున్నాయి. రెండు మీటర్ల తీగకు సాధారణంగా 20 ఎల్‌ఈడీలుంటాయి, ఒక్కోటి ఒకటిన్నర వోల్టుల బటన్ సెల్స్ మూడు వాటిని వెలిగిస్తాయి.

తీగను సీసాలోకి తోసేస్తే అంతా అడుగున ముద్దగా పడుతుంది, పైభాగం చీకటిగా మిగులుతుంది. దీనికి కొబ్బరి ఈనె చాలు. తీగను ముందు వేలికి వదులుగా చుట్టి, స్ప్రింగులా సాగదీసి, చివరి ఎల్‌ఈడీని ఈనె కొసకు ఆనించి మెల్లగా అడుగుదాకా దింపండి. ఈనెను తిప్పుతూ పైకి తీస్తే చుట్టలు సీసా గోడలకు ఆనుకుని నిలుస్తాయి. భుజం దగ్గర రెండు చుట్టలు ఎక్కువ ఉంచండి. గాజు వంపు తిరిగేది అక్కడే కాబట్టి వెలుగు అక్కడే ఎక్కువ ఆడుతుంది.

బటన్ సెల్స్ విషయంలో ఒక హెచ్చరిక. పసిపిల్లలు మింగితే అవి ప్రాణం మీదికి తెస్తాయి. డబ్బా మూత స్క్రూతో బిగుసుకునే రకాన్నే కొనండి. గంటల తరబడి వెలగాలంటే ఫోన్ ఛార్జర్‌తో పనిచేసే 5 వోల్టుల యూఎస్‌బీ దండ నయం. ఇంట్లో చేసిన సీసా దీపంలోకి 230 వోల్టుల తీగ మాత్రం ఎప్పుడూ వెళ్లకూడదు.

రంగు గాజు, రంగు వెలుగు

ఒకే దండ ఒక సీసాలో తేనెలా కనిపిస్తుంది, ఇంకో సీసాలో వెలవెలబోతుంది. కారణం దండలోనూ ఉంది, గాజులోనూ ఉంది. తెల్లటి ఎల్‌ఈడీ లోపల నిజానికి వెలిగేది నీలమే. దాని మీద పూసిన ఫాస్ఫర్ కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఇక గాజు సంగతి. ఇనుము, గంధకం, కార్బన్ కలిసి గోధుమరంగు గాజునిస్తాయి. అది నీలాన్నీ అతినీలలోహిత కిరణాలనూ అడ్డుకుంటుంది, అందుకే మందులను అందులో పోస్తారు. పసుపు ఛాయ ఎక్కువగా ఉండే ‘వార్మ్ వైట్’ దండ అందులో నిండుగా వెలుగుతుంది. కోబాల్ట్ కలిపిన ముదురు నీలం సీసా దీనికి తలకిందులు. అది పసుపును మింగేస్తుంది, కాబట్టి దానికి ‘కూల్ వైట్’ దండ కావాలి. క్రోమియంతో వచ్చే ఆకుపచ్చ సీసాకు మామూలుకన్నా ఎక్కువ ఎల్‌ఈడీలు పెట్టాలి. రంగులేని సీసాలో ఎల్‌ఈడీలు చుక్కల్లా కంటికి గుచ్చుకుంటే, తడిపిన గరుకు కాగితంతో బయటివైపు సమంగా రుద్దండి. గాజు పాలరంగుకు తిరిగి వెలుగును మెత్తగా పరుస్తుంది. ఆ మసక గాజు మీద గ్లాస్ పెయింటుతో చుక్కల ముగ్గు వేస్తే, దీపం వెలిగినప్పుడు గీతలు తేలి మెలికలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

బొక్క వెయ్యడం, కొయ్యడం

తీగ పైనుంచి కాక వెనకనుంచి రావాలంటే అడుగుకు రెండు వేళ్ల పైన బొక్క వెయ్యాలి. దీనికి వజ్రపు పొడి అద్దిన 10 లేదా 12 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కావాలి. గోడకు వాడే బిట్ గాజును పగలగొడుతుంది. సీసాను తడిగుడ్డ మడత మీద పడుకోబెట్టి, గుర్తు మీద టేపు అంటించండి. బిట్‌ను మొదట ఏటవాలుగా ఆనించి, గాజులో నెలవంకలా గాడి పడ్డాక నిటారుగా చెయ్యండి. నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి. అవి గాజును చల్లబరుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోకూడని గాజు ధూళిని పైకి లేవనివ్వవు. నీళ్ల దగ్గర పని కాబట్టి ప్లగ్గుతో నడిచే డ్రిల్ వద్దు, బ్యాటరీ డ్రిల్ వాడాలి. చివర్లో శబ్దం మారుతుంది, సన్నటి గరగర మొద్దుబారుతుంది. అప్పుడు చెయ్యి బరువు దాదాపు పూర్తిగా తీసెయ్యాలి. లేకపోతే లోపలివైపు పెచ్చు ఊడుతుంది. బొక్కలో రబ్బరు వాషర్ పెడితే గాజు అంచు తీగను కొయ్యదు.

సీసాను అడ్డంగా కొయ్యడం అన్నిటికన్నా కష్టం. గాజును నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. దాని పైనున్న సన్నటి గీత కొసన ఆ లాగుడంతా పోగుపడి పగులు పరుగెత్తుతుంది. ఈ సూత్రాన్ని ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్ 1921లో లెక్క కట్టి చూపారు. సీసా కొయ్యడమంటే ఆ పగులుకు దారి చూపడమే. కట్టర్ చక్రంతో సీసా చుట్టూ ఒకే ఒక్క గీత గియ్యాలి. గీసిన చోటే మళ్లీ గీస్తే పగులు పక్కదారి పడుతుంది. తర్వాత గీత మీద వేడినీళ్లు, వెంటనే చన్నీళ్లు, మళ్లీ వేడినీళ్లు పోస్తూ తిప్పితే రెండు మూడు విడతల్లో సీసా టిక్కుమని విడిపోతుంది. కళ్లద్దాలు, మందపాటి తొడుగులు తప్పనిసరి. అంచును తడి గరుకు కాగితంతో, ముతక నుంచి నున్నటిదాకా, వేలికి తగలనంత వరకు రుద్దాలి. దారాన్ని కిరసనాయిల్లో ముంచి, సీసాకు చుట్టి అంటించే పద్ధతి చాలామంది చూపిస్తారు. అది మంటతో చెలగాటం, పగులు కూడా చెప్పిన మాట వినదు.

ఇంత శ్రమ ఎప్పుడు తగునంటే, గాలికి ఆరిపోయే ప్రమిదకు తొడుగు కావలసినప్పుడు. అడుగు కోసేసిన సీసాను ప్రమిద మీద బోర్లిస్తే లాంతరు చిమ్నీలా పనిచేస్తుంది. మూతి తెరిచే ఉండాలి, కిందినుంచి గాలి పోవడానికి మూడు చిన్న రాళ్ల మీద నిలబెట్టాలి. వేడి గాలి మెడలోంచి పైకి పోతూ కిందినుంచి కొత్త గాలిని లాక్కుంటుంది.

నీటి మీద నూనె

కార్తీకమాసంలో నిజమైన జ్వాలే కావాలనుకునేవాళ్లకు వెడల్పు మూతి సీసా ఉంది. పాతకాలపు గాజు హార్లిక్స్ సీసాలాంటిది. ముప్పావు వంతు నీళ్లు పోసి, పైన వేలెడు మందాన నువ్వులనూనె పొయ్యండి. నూనె తేలిక కాబట్టి పైనే ఉంటుంది. బిరడా ముక్కకు రేకు తొడిగి, మధ్యలో ఒత్తి గుచ్చి తేలనివ్వండి. మన నూనెలు కిరసనాయిల్లా ఒత్తిలో ఎత్తుకు పాకలేవు, చిక్కన ఎక్కువ. జ్వాల నూనెకు దగ్గరగా ఉండాలి, ప్రమిద లోతు తక్కువగా ఉండటానికీ కారణం అదే. నూనె అయిపోగానే ఒత్తికి నీళ్లు తగిలి దీపం కొండెక్కుతుంది. ఒత్తి గాజు గోడకు ఆనకుండా చూసుకోవాలి, ఒకచోటే వేడెక్కిన గాజు పగులుతుంది. మంట వెలిగించనివ్వని హాస్టళ్లు, అద్దె గదులు, విదేశాల్లోని అపార్టుమెంట్లలో ఉండే మనవాళ్లకు కొయ్యని సీసా, ఎల్‌ఈడీ దండ ఉండనే ఉన్నాయి.

దీని విలువ ఎక్కడుంది

సీసా దీపం చేసి పర్యావరణాన్ని కాపాడేశామని చెప్పుకోవడం అతిశయోక్తి. గాజును ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ గాజు చెయ్యవచ్చు. సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో ఇసుక, సోడా, సున్నపురాయితో పాటు పగిలిన గాజు కలిపితే, ప్రతి 10 శాతానికీ ఇంధనం రెండున్నర నుంచి మూడు శాతం ఆదా అవుతుంది. మళ్లీ నింపుకునే సీసాకు ఆ కొలిమి ఖర్చు కూడా లేదు. మన దీపం ఈ రెండింటి తర్వాతి మెట్టు.

అయినా ఈ పని నాకు విలువైనదిగా తోచడానికి కారణం ఉంది. ఒక్క సీసాను దీపంగా మార్చిన మనిషికి గాజు ఎక్కడ బలమైనదో, ఎక్కడ బలహీనమో, వెలుగు ఏ రంగులో నిలిచి ఏ రంగులో ఓడుతుందో చేత్తో తెలుస్తుంది. బడిలో చెప్పే సాంద్రత, వ్యాకోచం, వక్రీభవనం పిల్లల ఎదుట బల్ల మీద కనిపిస్తాయి. బుడ్డి చేసిన తరానికి అవసరం నేర్పిన ఈ చేతి తెలివిని మనం ఇష్టంతో నేర్చుకుంటున్నాం, అంతే తేడా.

అందుకే కొయ్యని దీపంతో మొదలుపెట్టమంటాను, చాలామందికి అక్కడే ఆగినా చాలంటాను. కొయ్యని, జిగురు పులమని సీసాలోంచి దండ పాడైతే దండనే మారుస్తాం. ఇష్టం తీరితే పూలు పెడతాం, పప్పులు పోసుకుంటాం, చివరికి పాత సామాన్లవాడికిస్తే కొలిమికి వెళ్లి ఇంకో సీసా అవుతుంది. దీపమయ్యాక కూడా సీసాను సీసాగా ఉండనివ్వడమే ఈ పనిలో అసలైన నేర్పు.