రంగు పట్టని కణాలు

మైక్రోస్కోపు కింద పి53 స్లైడు పెట్టగానే నేను ముందు కణితిని చూడను. దాని చుట్టుపక్కల ఉన్న మామూలు కణాలను చూస్తాను. ఎందుకో చెబుతాను.

పి53 ప్రోటీన్ 1979లో బయటపడింది. క్యాన్సర్ కణాల్లో దండిగా కనిపించడంతో క్యాన్సర్‌ను పెంచేది అదేననుకున్నారు. కణితిని అడ్డుకునేదే అదని, తాము చూసింది దాని చెడిపోయిన రూపమని 1989లో గానీ తేలలేదు. ఆరోగ్యమైన కణంలో పి53 పుట్టిన కాసేపటికే నశిస్తుంది. రూపం చెడిందా, నశించక కేంద్రకంలో పేరుకుపోతుంది.

దాన్ని చూపించడానికి మేం వాడేది డీవో-7 అనే మోనోక్లోనల్ యాంటీబాడీ. ఇలాంటి యాంటీబాడీల తయారీకి శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టైన్ 1975లో ప్రకటించిన పద్ధతి ఇచ్చిన వరమిది. డీవో-7 పి53 ప్రోటీన్ మొదటి కొసన ఉన్న చిన్న ముక్కకు అంటుకుంటుంది. మంచి పి53లోనూ చెడ్డదానిలోనూ ఆ ముక్క ఒకటే. అందుకే అది మంచిచెడ్డలు చెప్పదు, పి53 ఎక్కడ ఎంత ఉందో గోధుమరంగులో చూపుతుంది. తేల్చాల్సింది మనమే.

ఆ గోధుమరంగు కొన్ని కణాల్లో లేతగా, కొన్నింట్లో ముదురుగా ఉంటే చాలావరకు పి53 జన్యువు బాగున్నట్టు. కేంద్రకాలన్నీ చిక్కగా నిండితే చెడినట్టు. అసలు చిక్కు ఒక్క కణితి కణానికీ రంగు పట్టనప్పుడే. జన్యువు తెగి ప్రోటీన్ తయారుకాకపోయినా ఇలాగే ఉంటుంది. ఒకప్పుడు వీటిని నెగటివ్ అని రాసి, బాగున్నవాటి లెక్కలో కలిపేసేవారు. ఎంత నష్టం! అండాశయంలో వచ్చే హైగ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో దాదాపు అన్నిట్లో ఈ జన్యువు చెడే ఉంటుంది. అక్కడ ఆ ఖాళీ కూడా రోగనిర్ధారణకు గట్టి ఆధారం.

కానీ ఆ ఖాళీ నిజమైనదేనా? కణితి ముక్క ఫార్మలిన్‌లో ఆలస్యంగా పడినా, రంగు వేసేముందు సిట్రేట్ ద్రావణంలో సరిగా ఉడకకపోయినా స్లైడు ఇలాగే వెలవెలబోతుంది. అందుకే చుట్టూ ఉన్న లింఫోసైట్లను, ఫైబ్రోబ్లాస్టులను వెతుకుతాను. వాటిలో కొన్నింటికైనా లేత గోధుమరంగు కనిపిస్తే కణితిలోని ఖాళీని నమ్ముతాను. అవీ ఖాళీగా ఉంటే రిపోర్టు రాయకూడదు. పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఆపరేషన్ థియేటర్లలోని మిత్రులకు ఒక్క విన్నపం. కణితి ముక్కను సెలైన్‌లో వేసి పంపకండి. తీసిన వెంటనే దానికి పదింతల ఫార్మలిన్‌లో వేయండి, వేసిన టైము ఫారం మీద రాయండి.