వాక్యంతో సహా నేర్చుకోండి

అమెరికాలో చదువుకోసం జీఆర్‌ఈ రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, రోజుకు ఎన్ని పదాలు బట్టీ పట్టాలి?" చేతిలో బ్యారన్స్ గైడులోని పదాల జాబితా ఉంటుంది. మూడున్నర వేల మాటలు, అక్షరక్రమంలో. అబేస్, అబేట్ అంటూ మొదలుపెట్టినవాళ్లకు 'సి' దాటేసరికి ఓపిక చచ్చిపోతుంది. పైగా ఒకే పోలికలో ఉన్న మాటలు వరసగా చదివితే దేని అర్థం దేనిదో తెలియకుండా కలిసిపోతాయి.

ఆ పరీక్షే మారిపోయింది. వ్యతిరేక పదాలు, అనాలజీలు 2011 ఆగస్టులో తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీకి అతికే మాట పట్టుకోవాలి. అబేట్, మిటిగేట్, అలీవియేట్ తీసుకోండి. జాబితాలో మూడింటికీ దాదాపు ఒకటే అర్థం: తగ్గడం, తగ్గించడం. వాడుకలో మాత్రం దేని దారి దానిదే. తుపానో కోపమో నెమ్మదిస్తే అబేట్. నొప్పినీ పేదరికాన్నీ తేలికపరిస్తే అలీవియేట్. రాబోయే ముప్పు తీవ్రతను తగ్గిస్తే మిటిగేట్. వాతావరణ మార్పు గురించిన ఆంగ్ల వార్తల్లో ఇది తరచూ ఎదురవుతుంది. ఈ తేడా పట్టుబడేది చదివిన వాక్యాల్లోనే.

నార్మన్ లూయిస్ 1949లో తెచ్చిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' అంటే నాకు ఇప్పటికీ గౌరవం. 'బెనె' అనే ధాతువుకు మేలు, 'మాల్'కు కీడు అని అర్థం తెలిస్తే బెనెవలెంట్, మలెవలెంట్ రెండూ లొంగుతాయి. కొత్త మాటను ఊహించే ధైర్యం వస్తుంది. అయినా ధాతువు అర్థం దాకానే తోడొస్తుంది, వాడుక దాకా రాదు.

అందుకే నోట్‌బుక్‌లో మాట పక్కన అర్థం ఒక్కటే రాయొద్దంటాను. అది దొరికిన వాక్యం మొత్తం రాయాలి, కింద సొంత వాక్యం ఒకటి. మర్నాడు, మూడు రోజులకు, వారానికి అర్థం మూసిపెట్టి గుర్తు తెచ్చుకోవాలి. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మరుగున పడుతుందని మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసి చూపించాడు. చూసి చదవడం కన్నా చూడకుండా తలచుకోవడమే మాటను నిలబెడుతుంది.

ఇంకొకటి. విశ్వవిద్యాలయాలకు పంపే వ్యాసాల్లో 'ప్లెథోరా ఆఫ్ ఆపర్చునిటీస్' తెగ కనిపిస్తుంది. ప్లెథోరా అంటే అవసరానికి మించి ఉండటం. అక్కడ 'మెనీ' చాలు.

ఈ ఆదివారం ఒక ఆంగ్ల సంపాదకీయం చదవండి. తెలియని మాటలు ఐదే, వాక్యాలతో సహా రాసుకోండి. వచ్చే ఆదివారం ఆ పేజీ తెరవకముందే ఐదింటితో మీ వాక్యాలు రాసి చూడండి.