అద్దమయ్యే రేకు

1936లో అమెరికాలో వాలీ బయామ్ ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ అనే ట్రైలర్‌ను, అంటే కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటిని, తెచ్చాడు. విమానానికిలా రివెట్లు కొట్టిన, రంగు వేయని అల్యూమినియం ఒళ్లు దానిది. మసకబారిన పాత ఎయిర్‌స్ట్రీమ్‌లను మళ్లీ అద్దంలా మెరిపించడమే బతుకుతెరువుగా అక్కడ కొందరు పాలిషర్లున్నారు.

కంపెనీ వేసిన పారదర్శక పూత ఉంటే ముందు దాన్ని మందుతో ఊడదీయాలి. తర్వాత ఉన్ని గుడ్డ తొడిగిన మిషన్, గరుకు పాలిష్ ముద్ద. చూస్తూండగానే రేకంతా నల్లబడుతుంది. కొత్తవాళ్లకు గుండె జారిపోతుంది గానీ, అది ఊడొచ్చిన ఆక్సైడూ లోహపు పొడీ. తుడిస్తే మన మొహమే కనబడుతుంది. అయినా ఎండలో నిలబెడితే సుడిగీతలు బయటపడతాయి. వాటిని చెరపడానికి అంతకంతకూ సన్నని ముద్దలు, చివరికి మెత్తటి నూలుగుడ్డ. రివెట్ల చుట్టూ మాత్రం చేతివేలే దిక్కు.

అన్నిటికన్నా కష్టమైన విద్య, ఆపడం.

ఆ బళ్లలో చాలావాటి రేకు ఆల్‌క్లాడ్: గట్టి మిశ్రమలోహం మీద పలచటి స్వచ్ఛమైన అల్యూమినియం పొర. మెరిసేదీ, లోపలి లోహాన్ని కాపాడేదీ అదే. లోతైన గీతను పోగొట్టబోయి ఆ పొరను అరగదీస్తే మళ్లీ వేయలేరు. అందుకే చేయి తిరిగినవాడు కొన్ని గీతల్ని అలాగే వదిలేస్తాడు. గాలి తగిలిన వెంటనే కొత్త ఆక్సైడ్ పుడుతుంది కనుక, కొన్నాళ్లకు సన్న ముద్దతో మళ్లీ ఓ చేయి వేయక తప్పదు.