‘శ్రీకాంత్’ చిత్రమున కానరాని ప్రయోగశాల

మచిలీపట్నం ప్రాంతమున జన్మించిన అంధుడు బొల్లా శ్రీకాంత్ జీవితము ఆధారముగా తుషార్ హీరానందానీ తీసిన హిందీ చిత్రము ‘శ్రీకాంత్’ 2024 మే నెలలో విడుదలయినది. పదవ తరగతి ముగిసిన పిమ్మట సైన్సు చదువుటకు వీలులేదన్నారు. అతడు న్యాయస్థానమునకు పోయి గెలిచి, ఇంటర్మీడియట్‌లో 98 శాతము మార్కులు తెచ్చుకొన్నాడు. రాజ్‌కుమార్ రావు నటన మెచ్చదగినది. కాని కథ న్యాయస్థానము నుండి అమెరికాలోని ఎం.ఐ.టి.కి, అటనుండి వ్యాపారమునకు వడివడిగా సాగిపోవును. గెలిచిన మరునాడు తరగతిలో ఏమి జరుగవలెను? సైన్సు బోధించువారికి కావలసినది అదియే.

పాఠము రికార్డుచేసి వినిపించిన వాక్యములు తెలియును. గ్రాఫులోని వక్రరేఖ తెలియదు. రావులపాలెంలో చూపులేని విద్యార్థి యొకడు భౌతికశాస్త్రము కోరినాడనుకొందము. దళసరి అట్టపై కొబ్బరిపీచు పురికొస జిగురుతో అతికించినచో ఆ రేఖ వ్రేళ్లకు అందును. (కోనసీమ ముఖద్వారమున పీచుకు కరువా?) ఆమ్లక్షార ప్రయోగమున ఫినాఫ్తలీన్ రంగు మారుటను, కాంతిని ధ్వనిగా మార్చు పరికరము చెవికి తెలుపును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసము 5 శాతము సీట్లు వారికి కేటాయించినది; సీటు దొరికిన పిమ్మట ఈ అట్టలు, పరికరములు ఎవరో ఒకరు సిద్ధపరుపవలెను గదా. దర్శకుడు మరి పది నిమిషములు ప్రయోగశాలలో గడిపియుండినచో సైన్సు అధ్యాపకులకు ఈ చిత్రము ఇంకను ఉపకరించెడిది.