ఆగిన పెల్లెట్ ఎటు పోతుంది?

క్రోనోగ్రాఫ్‌లు పాతబడి చావడం అరుదు. చాలావాటిని కాల్చి చంపేది వాటి యజమానులే. గొట్టం నుంచి వెలువడిన పెల్లెట్ ఎంత వేగంతో పోతోందో చెప్పే ఈ పెట్టెను ఆ పెల్లెట్ దారి కిందనే పెట్టాలి. దాని నెత్తిన రెండు కళ్లుంటాయి, చవకరకాల్లో ఒక అడుగు ఎడంతో. మొదటి కంటి మీద పెల్లెట్ నీడ పడగానే లోపలి గడియారం లెక్క మొదలుపెడుతుంది, రెండో కంటి మీద పడగానే ఆపేస్తుంది. సెకనుకు 175 మీటర్ల వేగంతో పోయే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ ఆ అడుగు దాటడానికి పట్టేది 1.7 మిల్లీసెకన్లు. నీడ సరిగ్గా పడాలంటే పెల్లెట్ కళ్లకు నాలుగైదు అంగుళాల ఎత్తున పోవాలి. ఆ నాలుగంగుళాల కింద వేల రూపాయల వస్తువు కూర్చుని ఉంటుంది.

దాన్ని కొట్టేవాళ్లంతా చేయి తిరగనివాళ్లు కాదు. తప్పు చేతిది కాదు, స్కోపుది. స్కోపు గొట్టం మీద దాదాపు రెండంగుళాల ఎత్తున బిగించి ఉంటుంది. పది మీటర్ల దూరానికి గురి సరిచేసిన రైఫిల్‌లో, మీటరు దూరాన ఉన్న క్రోనోగ్రాఫ్ దగ్గర పెల్లెట్ ఇంకా మన చూపు కన్నా నాలుగు సెంటీమీటర్లు కిందనే పోతుంటుంది. కంటికి దారి ఖాళీగా కనబడుతుంది, గొట్టానికి కాదు. అందుకే పెట్టె ముందు ఒక కవచం కావాలి.

కరీంనగర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు పొడవు పది మీటర్లకు కొంచెం ఎక్కువ. రైఫిల్ సంచి భుజాన వేసుకుని అటు నడిస్తే పక్కింటాయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘‘కోతులకా సార్?’’ కాదంటే నమ్మడు. కోతుల బెడద ఉన్న ఊళ్లో తుపాకీకి ఇంకో పని ఉంటుందంటే ఎవరు నమ్ముతారు! గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలోనే అని చెప్పి చూశాను. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే అన్నాక ఆయనకు నా మీద అనుమానం ఇంకాస్త పెరిగింది.

వేగం కొలవడం ఒట్టి సరదా కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు గానీ, శక్తి 20 జౌళ్లు గానీ దాటిన ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలి. అర గ్రాము పైచిలుకు పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంతో పోతే ఎనిమిది జౌళ్లే. అదే పెల్లెట్ 275 మీటర్లు అందుకుంటే ఇరవై. స్ప్రింగు మార్చినా, వాల్వు సవరించినా మన తుపాకీ గీతకు ఏ వైపున ఉందో చెప్పేది ఈ పెట్టె ఒక్కటే.

ఇక కవచం. మొదట తట్టేది రాయి. మాది గ్రానైటు ఊరు, కోత మిగులు ముక్కలకు కరువు లేదు. కానీ మీటరు దూరాన్నుంచి గ్రానైటు మీద పెల్లెట్ కొట్టడమంటే మన మొహం మీదికి మనమే కొట్టుకోవడం. యాక్రిలిక్ అద్దం చూడ్డానికి బాగుంటుంది, దెబ్బ తగిలితే పెచ్చులై లేస్తుంది. పాలీకార్బొనేట్ పగలదు, అయితే గట్టి అంచుకు తగిలిన పెల్లెట్‌ను పక్కకు విసురుతుంది. ఉత్త ఇనుపరేకు మరీ మోసకారి. సీసం మెత్తన కదా, అణిగి రాలిపోతుందనుకుంటాం. బాగా వేగంగా తగిలితే అణుగుతుంది. వేగం తక్కువైనకొద్దీ ముక్కగానే వెనక్కి వస్తుంది. గోదావరిఖని నుంచి ఒక మిత్రుడు పాత కన్వేయర్ బెల్టు ముక్క పంపాడు. బొగ్గును మోసిన బెల్టు, బండలా బరువు, దీన్ని మించింది ఉండదనిపించింది. పలకకు బిగించి దూరంగా నిలబెట్టి కొడితే పెల్లెట్‌ను బంతిలా తిప్పిపంపింది. ఇప్పుడది మా గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి పనికొస్తోంది.

పెల్లెట్‌ను ఆపడానికి ఇవన్నీ చాలు. అంత చిన్న శక్తిని ఆపలేని వస్తువే తక్కువ. ఆగాక అది ఎటు పోతుందన్నదే చూడాలి.

మింగేది మెత్తటి చెక్క. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర మెత్తదనంలో సరిగ్గా సరిపోతుంది, కానీ బొమ్మలకే దొరకడం కష్టమైన కర్రను సీసానికి బలివ్వడానికి మనసొప్పలేదు. పండ్లపెట్టెల చెక్క చాలు. ముందు అంగుళం మందం చెక్క, వెనక రెండు మిల్లీమీటర్ల ఇనుపరేకు: పెల్లెట్ చెక్కలో దిగబడుతుంది, దాటివస్తే రేకు ఆపుతుంది.

వెల్డింగ్ షాపతనికి కొలతలు అర్థమయ్యాయి గానీ వాలు నచ్చలేదు. పలక పై అంచు కాల్చేవాడి వైపు వంగాలన్నాను.

‘‘గోడ ఎనకకు వాలితెనే నిలుస్తది గదా సార్, ముందుకు వంగితె పడ్తది.’’

‘‘పడకుంట కింద కాళ్లు పొడుగు పెట్టన్నా. గోలీ మీదికి ఎగరొద్దు, కిందికి రాలాలె.’’

అతని మాటలో న్యాయం ఉంది. కోటగోడలు సాధారణంగా వెనక్కే వాలుతాయి. జగిత్యాలలో 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్ల చేత కట్టించిన నక్షత్రాకారపు కోట ఉంది. ఫిరంగుల కాలానికి తగ్గట్టు కోణాలు లెక్కగట్టి వేసిన కట్టడం. గోడకు తగిలిన గుండు ఆకాశంలోకి ఎగిరితే కోటలోవాళ్లకు నష్టం లేదు. నా పలక మీదుగా ఎగిరితే మాత్రం తిన్నగా క్రోనోగ్రాఫ్ కళ్ల మీదికే పోతుంది.

ఆ కాలంవాడే బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిషు గణితజ్ఞుడు. తూటా వేగాన్ని నమ్మదగినట్టు కొలిచే దారి చూపినవాడు. 1742లో అచ్చయిన అతని పుస్తకంలో ఆ సాధనం ఉంది: ఇనుపపలకకు మందపాటి చెక్క బిగించి లోలకంలా వేలాడదీశాడు. తూటా చెక్కలో దిగబడుతుంది, లోలకం ఊగుతుంది, ఊపును బట్టి వేగం లెక్కగడతాడు. ముందు చెక్క, వెనక ఇనుము! నేను కవచమనుకున్నది అతనికి కొలబద్ద. దెబ్బ తినడమే దాని పని కాబట్టి దానికి వేరే కాపలా అక్కర్లేదు. అదే రాబిన్స్‌ను తర్వాత ఈస్టిండియా కంపెనీ తన కోటలు బాగుచేయడానికి పిలిపించింది. వచ్చిన మరుసటేడు, 1751లో, కడలూరు దగ్గరి ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో జ్వరంతో చనిపోయాడు. గుండు వేగం తెలిసినవాడికే గోడ పని అప్పగించడం కంపెనీ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

కవచాన్ని పెట్టెకు బిగించకూడదు. చెక్కకు తగిలిన దెబ్బకు పెట్టె కదిలి రెండు కళ్ల మధ్య ఎడం ఒక్క మిల్లీమీటరు మారినా, 175 మీటర్ల వేగంలో అర మీటరు పైగా అబద్ధం వస్తుంది. అందుకే నాది వేరే కాళ్ల మీద నిలబడుతుంది. ఎత్తు కూడా కళ్ల మట్టానికే. అంతకు మించితే, దెబ్బకు ఊగిన కవచం నీడనే పెట్టె పెల్లెట్ అనుకోవచ్చు. కాల్చేవాడి వైపు చెక్క రంగు ఎలా ఉన్నా, పెట్టె వైపు రేకుకు మెరుపులేని నల్లరంగు వేయించాను. షెడ్డులో ట్యూబులైటు వెలుగు సెకనుకు వంద సార్లు వణుకుతుంది, ఆ వణుకును ఈ కళ్లు పెల్లెట్‌గా పొరబడతాయి. ఆరుబయట పగటి వెలుగే మేలు. ఎండాకాలం మన వైపు సూర్యుణ్ని నేరుగా చూడలేక కళ్లు తేలేస్తాయి, పైన తెల్ల ప్లాస్టిక్ గొడుగు పట్టాలి. ఆదిలాబాద్ మిత్రుడికి గొడుగు బాధతో పాటు జనవరి చలి బాధ కూడా ఉంది: స్ప్రింగు రైఫిల్‌లో గ్రీజు గట్టిపడి పొద్దున ఒక వేగం, మధ్యాహ్నం ఒక వేగం చూపిస్తుంది.

ఇదంతా ఎయిర్ రైఫిల్ సంగతి. మందుగుండు తుపాకీ ముందు ఈ పండ్లపెట్టె చెక్క తడిసిన అట్టతో సమానం. అక్కడ పెట్టెను మూడు నాలుగు మీటర్ల దూరం జరపాలి, కవచం లెక్కే వేరు. ఇప్పుడు పక్కన కూర్చుని చూసే రాడార్ యంత్రాలూ వచ్చాయి, దారిలో పెట్టే అవసరమే లేదు. డబ్బున్నవాళ్లు అవే కొనుక్కోవాలి, నేను అడ్డు చెప్పను.

చెక్క జల్లెడలా తయారయ్యాక మార్చాలి. ఇంట్లో పాతచెక్క ఎక్కడికి పోతుందో అందరికీ తెలిసిందే: నీళ్లపొయ్యిలోకి. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, పొయ్యి వేడి అంతకు చాలా ఎక్కువ. ఆ పొగ పీల్చేది నీళ్లు కాచేవాళ్లు, ఆ బూడిద చేతికంటేది అంట్లు తోమేవాళ్లకు. అందుకని చెక్కను చీల్చి పెల్లెట్లన్నీ పటకారుతో ఏరి మూతడబ్బాలో వేస్తాను. పొట్టునూ తడిబట్టతో ఎత్తి కట్టేస్తాను. ఆ తర్వాతే చేతులు కడిగి అన్నానికి కూర్చోవడం. ఏరగా మిగిలిన చెక్కనైనా సరే పొయ్యి దగ్గర పెట్టొద్దని ఇంట్లో మళ్లీ మళ్లీ చెబుతూనే ఉన్నాను.